ఎన్రికో ఫెర్మీ

మా ప్రయోగశాలలోని త్రాసు చెడిపోయినదనియు, అందుచేత ప్రయోగము సాగలేదనియు చెప్పి విద్యార్థులు ఖాళీ పుస్తకములను తెచ్చి నా బల్లమీఁద నుంచుట కలదు. పరికరము లేనిదే కొలత లేదని వారి నమ్మకము. అట్టివారికి నేనొక శాస్త్రజ్ఞుని కథ చెప్పుచుందును. ఆయన యొకనాఁటి వేకువజామున, అంతకుముందు మనుష్యుఁ డెన్నఁడును కలిగింపని గొప్ప విస్ఫోటమును చేతిలోని చింపిన కాగితపు ముక్కలతో కొలిచెను. ఆ కథ వినుట కింపుగానే యుండును. కాని ఆయన జీవితమును మొదటినుండి చెప్పినఁగాని దాని బరువు తెలియదు. కావున ఈ సంచికలో దానిని కొంత విపులముగా వ్రాయుచున్నాను.

ఎన్రికో ఫెర్మీ 1901 వ సంవత్సరము సెప్టెంబరు 29 వ తేదీని ఇటలీ రాజధానియగు రోము నగరమున జన్మించెను. తండ్రి ఆల్బెర్టో రైల్వేశాఖలో ఉద్యోగి. తల్లి ఈడా బడిపంతులమ్మ. ముగ్గురు బిడ్డలలో ఎన్రికో కడపటివాఁడు. అన్నయగు జూలియోకును ఇతనికిని ఒక యేఁడు మాత్రమే వ్యత్యాసము. ఇరువురును ఎల్లప్పుడు కలసి తిరుగుచు, విద్యుత్తుతో నడచు చిన్న మోటారులను తయారుచేయుచు, తమకు వేఱొక స్నేహితుఁడు అక్కఱలేనట్లు పెరిగిరి. 1915 లో జూలియో గొంతులో లేచిన గడ్డకు చిన్న శస్త్రచికిత్స చేయింప వైద్యశాలకు తీసికొనిపోయిరి. మత్తుమం దిచ్చిన పిమ్మట ఆ బాలుఁడు మరల కన్ను తెఱవలేదు. తల్లి యా దుఃఖమునుండి ఎన్నఁడును పూర్తిగా తేరుకొనలేదు. పదమూఁడేండ్ల ఎన్రికో తన శోకమును ఎవరికిని చెప్పుకొనక పుస్తకములలో తల దాచుకొనెను.

రోములో కాంపో దే ఫియోరి యను చోట ఆ కాలమున వారమునకొకసారి సంత జరుగుచుండెను. అచ్చట పాతపుస్తకముల నడుమ ఆ బాలునికి 1840 లో ముద్రింపఁబడిన భౌతికశాస్త్ర గ్రంథము రెండు సంపుటములలో దొరకెను. కరాఫా యను జెస్విటు గురువు దానిని లాటిను భాషలో వ్రాసెను. ఎన్రికో దానిని ఇంటికి తెచ్చి రేయింబవళ్లు చదివి, మధ్యమధ్య గ్రహముల చలనమును గూర్చియు, తరంగములను గూర్చియు అక్కకు చెప్పుచుండెను. చదువు ముగిసినపిదపఁ గాని ఆ గ్రంథము లాటినులో నున్నదను సంగతి తనకు తోఁచలేదని యతఁ డామెతో చెప్పెనఁట. తండ్రితో పనిచేయు అమిడీ యను ఇంజనీరు ఈ బాలుని తెలివిని కనిపెట్టి, నాలుగేండ్లపాటు గణితగ్రంథములను ఒకదాని వెంట నొకటిగా ఎరువిచ్చెను. ఫెర్మీని మొదట గుర్తించినవాఁడు ఏ ఆచార్యుఁడును కాఁడు. పొరుగున నున్న యొక ఉద్యోగి. ఇది ఉపాధ్యాయులమగు మేము కూడ గమనింపవలసిన విషయము.

1918 లో పీసా నగరమందలి స్కూలా నార్మలే యను ప్రసిద్ధ విద్యాలయమున ప్రవేశపరీక్షకు అతఁడు కూర్చుండెను. ధ్వనుల లక్షణములను గూర్చి వ్రాయుమనఁగా, ఆ పదునేడేండ్ల బాలుఁడు కంపించు కడ్డీకి సంబంధించిన సమీకరణమును స్థాపించి సాధించి చూపెను. పరీక్షకుఁడు ఆశ్చర్యపడి యతనిని ప్రత్యేకముగా పిలిపించి మాటలాడెను. 1922 లో డాక్టరు పట్టము, అటుపిమ్మట జర్మనీ, హాలండు దేశములలో కొంతకాలము చదువు, 1926 లో రోము విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి వరుసగా లభించెను. ఆ 1926 లోనే ఎలక్ట్రానులవంటి కణములు ఎట్టి నియమమునకు లోబడి యొదిగి యుండునో తెలుపు గణనపద్ధతిని ఆయన ప్రకటించెను. ఆ జాతి కణములకు ఆయన పేరిట ఫెర్మియానులని పేరు కలిగెను. రెండవ జాతి కణములు మన దేశీయుఁడగు సత్యేంద్రనాథ బోసు పేరిట బోసానులని పిలువఁబడుచున్నవి. సృష్టిలోని కణములన్నియు ఈ రెండు పేళ్ల క్రిందనే చేరుట మనకు సంతోషము కలిగింపఁదగిన విషయము. 1928 లో ఆయన లారా కాపోను అను యూదుకన్యను వివాహమాడెను.

1934 లో ఫ్రాన్సు దేశమున జోలియో క్యూరీ దంపతులు స్థిరమైన మూలకములను కృత్రిమముగా రేడియో ధార్మికములుగా చేయవచ్చునని చూపిరి. వారు వాడినవి విద్యుదావేశముగల ఆల్ఫా కణములు. ఆవేశము లేని న్యూట్రానును 1932 లో చాడ్విక్ కనుగొనియుండెను. పరమాణువు నడిబొడ్డునఁ గల కేంద్రకము ఆల్ఫా కణమును త్రోసివేయును గాని, న్యూట్రానును త్రోసివేయఁజాలదు. కావున న్యూట్రానులతో కొట్టిచూతమని ఫెర్మీ సంకల్పించెను. చిన్న గాజుగొట్టములో బెరీలియము చూర్ణమును రేడాను వాయువును బంధించుటయే ఆయన న్యూట్రానుల గని. తేలికయైన మూలకములనుండి మొదలుపెట్టి వరుసగా నొక్కొక్కదానిని దాని దగ్గఱ నుంచెను. మొదట ఏమియు కానరాలేదు. ఫ్లోరిను వంతు వచ్చినపుడు తాను స్వయముగా తయారుచేసికొనిన గైగరు లెక్కింపుగొట్టము టకటకమని పలికెను. కొన్ని పదార్థముల ధార్మికత నిమిషములోపలనే అణఁగిపోవును. లెక్కింపుగొట్టము వసారా రెండవ కొననున్న గదిలో నుండెను. కావున ఆచార్యుఁడును శిష్యులును పదార్థమును చేతఁబట్టుకొని వసారాపొడవున పరుగెత్తుచుండిరి.

ఆ యేఁటి అక్టోబరునందు ఒక వింత కనఁబడెను. వెండి ముక్కను చెక్కబల్లమీఁద నుంచి కొట్టినపుడు కలిగిన ధార్మికత పాలఱాతి బల్లమీఁద నుంచినపుడు కలిగినదానికంటె ఎక్కువగా నుండెను. 22 వ తేదీ ఉదయమున ఫెర్మీ నడుమ మైనపు దిమ్మ నుంచి చూచెను. ధార్మికత అనేక రెట్లు హెచ్చెను. మధ్యాహ్నభోజనసమయమున కారణ మాలోచించి, సాయంకాలము తోటలోని చేఁపల కొలనులో ముంచి పరీక్షింపఁగా, నీటివలనను అదే ఫలము కలిగెను. కారణము గోళీలాడు బాలురందఱు నెఱుఁగుదురు. గోళీ పోయి పెద్దఱాతికి తగిలినచో అదే వేగముతో వెనుకకు వచ్చును. తనంత గోళీకి తగిలినచో తన వేగమును దానికిచ్చి తాను నిలిచిపోవును. మైనములోను, నీటిలోను హైడ్రోజను మెండు. హైడ్రోజను కేంద్రకము న్యూట్రానుతో ఇంచుమించు సమానమైన బరువు గలది. దానికి తగిలి తగిలి న్యూట్రాను నెమ్మదించును. నెమ్మదించినది కేంద్రకమునకు సులభముగా చిక్కును. పాఠకులు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను. పదునొకండేండ్ల తరువాత ఇది మఱియొకచోట మనకు కనఁబడును.

యురేనియము విషయమున మాత్రము ఆయన పొరపడెను. దానిని కొట్టినపుడు పుట్టిన ధార్మికత యురేనియమునకు మించిన క్రొత్త మూలకములదని తలఁచెను. కేంద్రకము ముక్కలై యుండవచ్చునని ఈడా నోడాక్ అను జర్మను రసాయనశాస్త్రజ్ఞురాలు ఆ యేఁడే వ్రాసినను ఎవరును లక్ష్యపెట్టలేదు. 1938 డిసెంబరులో ఆయన స్టాక్‌హోము పోయి నోబెలు బహుమానము నందుకొని, ఆ క్రొత్త మూలకముల పేళ్లను తన ఉపన్యాసమున చెప్పెను. సరిగా ఆ నెలలోనే బెర్లినులో హాన్, స్ట్రాస్మన్ అనువారు యురేనియమునుండి బేరియము పుట్టుచున్నదని కనుగొనిరి. లీజ్ మైట్నరు, ఆమె సోదరీపుత్రుఁడగు ఫ్రిష్ దాని భావమును వివరించిరి: కేంద్రకము రెండుగా చీలుచున్నది. ఫెర్మీ తన పొరపాటును దాచక ఒప్పుకొనెను. 1934 లోనే ఆయనకు నిజము తెలిసియుండినచో యుద్ధోన్ముఖమైన ఐరోపా చేతికి ఏమి చిక్కియుండెడిదో తలఁచుకొనిన భయము కలుగుచున్నది. ఆ పొరపాటును దైవానుగ్రహముగా భావించువారిలో నే నొకఁడను.

1938 లో ముస్సోలినీ ప్రభుత్వము యూదులకు విరుద్ధముగా శాసనములు చేసెను. లారాకు స్వదేశమున నిలువ నీడ లేకపోయెను. స్టాక్‌హోమునుండి కుటుంబము రోమునకు తిరిగిపోక, 1939 జనవరి 2 వ తేదీని న్యూయార్కు రేవున దిగెను. అటుపిమ్మట షికాగో నగరమున క్రీడారంగపు మెట్లక్రింది ఆటగదిలో నల్లసీసపు ఇటుకలను 57 వరుసలు పేర్చి, నడుమ యురేనియమును పొదిగి, 1942 డిసెంబరు 2 వ తేదీని మానవుఁడు నడపిన మొదటి శృంఖలాచర్యను ఆయన సాధించెను. కాడ్మియపు కడ్డీని కొలఁది కొలఁదిగా లాగించుచు, ప్రతిసారియు ఎంత హెచ్చునో గణనపలకమీఁద ముందుగా లెక్కించి చెప్పుచుండెను. పని ముగియవచ్చిన వేళ భోజనమునకు పోవుదమని అందఱిని పంపివేసెను. చూచుచున్నవారికి గుండె కొట్టుకొనుచుండఁగా ఆయనకు ఆఁకలి జ్ఞాపకము వచ్చెను! మధ్యాహ్నము శృంఖలాచర్య నిలిచెను. ఆనాఁడు పుట్టిన శక్తి అర వాట్టు మాత్రమే. చిన్న దీపమునకును చాలదు.

1944 లో ఆయన లాస్ అలమోసునకు పోయెను. ఇఁక ఆ కాగితపు ముక్కల సంగతి.

బాంబు ప్రేలినచో ఎంత శక్తి వెలువడునో లెక్కలు వేసినవారికే నిశ్చయముగా తెలియదు. కొలుచు యంత్రములను ముందుగా సరిచూచుకొనుటకై 1945 మే 7 వ తేదీని న్యూ మెక్సికో ఎడారిలో నూఱు టన్నులకు పైగా టి.ఎన్.టి. యను మందుగుండును చెక్కవేదికమీఁద పేర్చి కాల్చిరి. అంతకు ముందెన్నఁడును అంత మందుగుండును కొలతకొఱకు కాల్చియుండలేదు. జూలై 16 వ తేదీ రాత్రి వాన కురిసెను. వాన తెఱపి యిచ్చినపిమ్మట, తెల్లవాఱుజామున సుమారు 5-30 గంటలకు నూఱడుగుల ఉక్కు గోపురముమీఁది బాంబు ప్రేలెను. ఫెర్మీ పది మైళ్ల దూరమున నల్లని అద్దము గల పలక వెనుక నుండెను. పరిసరమంతయు పట్టపగటికంటె అధికముగా వెలిఁగెను. పిమ్మట ఆయన లేచి చేతిలోని కాగితపు ముక్కలను ఆఱడుగుల యెత్తునుండి కొన్ని కొన్నిగా విడువసాగెను. ప్రేలిన సుమారు 40 సెకండ్లకు పీడనతరంగము వచ్చి తాఁకెను. అప్పుడు గాలి లేదు. తరంగము పోవునపుడు రాలుచున్న ముక్కలు సుమారు రెండున్నర మీటరుల దూరము జరిగి పడెను. ఆయన అడుగులతో కొలిచి, ముందే వేసి యుంచుకొనిన పట్టికను చూచి, పది వేల టన్నుల టి.ఎన్.టి.కి సమానమని నిశ్చయించెను. ముక్కలను చూచుటలో లీనమై తాను ధ్వనిని వినలేదని పిమ్మట భార్యతో చెప్పెను. ఆ సాయంకాలము మాత్రము ఆయన కారు నడపలేకపోయెను. స్నేహితుని చేత నడిపించుకొని యింటికి చేరెను.

కొందఱు ఆయన లెక్క సరిగా కుదిరినదని వ్రాయుదురు. అది నిజము కాదు. ఆ విస్ఫోటపు శక్తి 21 వేల టన్నులని చాలకాలము గ్రంథములలో నుండెను; 2021 లో లాస్ అలమోసు శాస్త్రజ్ఞులు నూతనసాధనములతో పాత మట్టిని మరల పరీక్షించి 24,800 టన్నులని, అటు నిటు 2,000 తేడా యుండవచ్చునని ప్రకటించిరి. కావున ఫెర్మీ చెప్పినది అందు సగమునకును తక్కువ. అయినను వేయి టన్నులా, లక్ష టన్నులా యను సందేహము ఆ కాగితములతో నిమిషములలో తీఱిపోయెను. కొలఁత యొక్క మొదటి ప్రయోజనము అదియే.

ఇట్టి విస్ఫోటమున శక్తి యెట్లు వెలువడునో ఇచ్చట కొంచెము చెప్పవలెను. గాలిలో ప్రేలిన బాంబు శక్తిలో ఇంచుమించు సగము పీడనతరంగముగా మాఱును. మూఁడింట నొకవంతు వెలుఁగును వేఁడియుగా పోవును. తక్కిన భాగము కంటికి కానరాని కిరణములు, న్యూట్రానులు, పిమ్మట చాలకాలము నిలుచు ధార్మికధూళి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క కొలఁత కలదు. ఆనాఁడు సీసపురేకులు తొడిగిన సైనిక శకటములు గోపురము నిలిచిన చోటికి పోయి మట్టిని తెచ్చెను. గోపురము ఆవిరియై పోయెను. చుట్టును ఇసుక కరఁగి ఆకుపచ్చని గాజై పరచుకొని యుండెను. ఆ మట్టిలో చీలిన ముక్కలెన్ని, చీలక మిగిలిన ప్లుటోనియ మెంత యని రసాయనశాస్త్రరీతిని లెక్కించి, ఎంత భాగము చీలినదో, అందువలన ఎంత శక్తి పుట్టినదో తెలిసికొనిరి. ఇదియే అన్నిటికంటె నమ్మఁదగిన పద్ధతి.

వేఱొక పద్ధతి పై తరగతుల విద్యార్థులు తామే చేసి చూడవచ్చును. అగ్నిగోళమును శీఘ్రచ్ఛాయాచిత్రములు తీసిరి. వానిని చూచి ఇంగ్లండులో జి. ఐ. టేలరు అను గణితశాస్త్రజ్ఞుఁడు 1950 లో తన లెక్కను ప్రకటించెను. ప్రేలిన సెకండులో నలువదవ వంతునకు, అనఁగా 0.025 సెకండునకు, గోళపు వ్యాసార్ధము 130 మీటరులు. వ్యాసార్ధమును ఐదుమారులు హెచ్చవేసి, కాలముయొక్క వర్గముచే భాగించి, గాలి సాంద్రతయగు సుమారు 1.2 చేత గుణింపుఁడు. ఏడు అంకె ప్రక్కన పదమూఁడు సున్నల జూళ్లు వచ్చును. ఒక టన్ను టి.ఎన్.టి. సుమారు 418 కోట్ల జూళ్లు. భాగించిన 17 వేల టన్నులు తేలును. ఒక చిత్రపటము, ఒక కొలబద్ద, ఒక గడియారము తప్ప మఱేమియు అక్కఱలేదు.

ఇంతవఱకు వ్రాయుటకు నాకు సులభముగానే యుండెను. ఆ జూన్ మాసమందే ఫెర్మీ, ఓపెన్‌హైమరు, లారెన్సు, కాంప్టను అను నలువురిని ప్రభుత్వము సలహా అడిగెను: నిర్జనప్రదేశమున బాంబును ప్రేల్చి చూపినచో యుద్ధము నిలుచునా? అట్టి ప్రదర్శనము యుద్ధమును ముగించునని తాము చెప్పఁజాలమనియు, సైన్యము నేరుగా వాడుటకు మాఱుగా వేఱొక మార్గము తమకు కానరాదనియు వారు వ్రాసి యిచ్చిరి. ఆ వ్రాఁతపై ఫెర్మీ పేరున్నది. ఆగస్టు 6 వ తేదీని హిరోషిమా, 9 వ తేదీని నాగసాకి దగ్ధములాయెను. ఆ యేఁటి తుదిలోపల హిరోషిమాలో సుమారు 1,40,000 మంది, నాగసాకిలో సుమారు 70,000 మంది మరణించిరని అంచనా. వారిలో మా విద్యార్థుల వయస్సు బాలబాలికలు వేలకొలఁది. ఆయనకు ఇచ్ఛ లేదని గాని, తెలియదని గాని చెప్పి ఈ జీవితకథను నేను చక్కఁజేయఁజాలను.

అచ్చటను కొలఁతలు జరిగెను. విమానమునుండి గొడుగులకు కట్టి విడిచిన పీడనమాపకములు తరంగపు బలమును రేడియో మూలమున తెలిపెను. ఇంగ్లీషు శాస్త్రజ్ఞుఁడగు పెన్నీ నలిగిన డబ్బాలను, వంగిన స్తంభములను చూచి ఎంత బలము తాఁకినదో లెక్కించెను. పొంగి కరఁగిన పెంకులవలన వేఁడిమి యెంతయో తెలిసెను. ఱాతిమెట్లమీఁద మనుష్యుని నీడ నిలిచిపోయి, వెలుఁగు ఏ కోణమునుండి వచ్చినదో చూపెను. జపానీయ శాస్త్రజ్ఞులు విద్యుత్ స్తంభముల పింగాణి గిన్నెలలోని గంధకమును ప్రోగుచేసి, న్యూట్రానులు తాఁకుటచే దానిలో పుట్టిన ధార్మికమగు భాస్వరమును కొలిచిరి. 1934 లో రోము వసారాలో పరుగులు తీయించిన విద్య యిదియే. నెమ్మదించిన న్యూట్రానులను చిక్కించుకొనిన ఇనుములోని కోబాల్టు పిమ్మట దశాబ్దములవఱకు పరీక్షకు పనికివచ్చెను. ఎవరు ఎంత దూరమున నుండి ఎంత మోతాదు పొందిరో ఇట్లే లెక్కకు వచ్చినది; నేఁడు వైద్యులకు కిరణములవలని హానిని గూర్చి తెలిసినదానిలో చాలభాగము ఆ బ్రతికినవారి శరీరములనుండి నేర్చినదే.

1949 లో హైడ్రోజను బాంబు చేయవలెనా యను ప్రశ్న వచ్చినపుడు ఫెర్మీ, రాబీ అను ఇరువురు ప్రత్యేకముగా వ్రాసి, హద్దులేని నాశనశక్తి గల యట్టి యాయుధము ఏ దృష్టితో చూచినను దుష్టమేయని తెలిపిరి. ప్రభుత్వము వారి మాట వినలేదు. నిర్ణయము జరిగిన పిమ్మట ఆయన లాస్ అలమోసునకు పోయి దాని లెక్కలలో సాయపడెను. ఈ రెండు కార్యములను ఏకముగా నెట్లు చూడవలెనో పెద్దలు చాల వ్రాసిరి. నాకు మొదటిది ఆయన మనస్సాక్షి యనియు, రెండవది ఆయన దౌర్బల్యమనియు తోఁచును. మతవిషయములందు ఆయన శ్రద్ధ చూపినవాఁడు కాఁడు. అది కూడ దాచుట నాకిష్టము లేదు.

యుద్ధానంతరము షికాగోలో ఆయన చెప్పిన పాఠములు ప్రసిద్ధములు. ఆ నగరమున పియానోలను శ్రుతిచేయువారు ఎందఱుందురని శిష్యులను అడుగుట ఆయనకు వాడుక. జనాభా యెంత, ఇండ్లెన్ని, అందు పియానో యెందఱికి, ఏఁటికెన్నిసార్లు శ్రుతి అని మెట్టుమెట్టుగా పోయినచో జవాబు దొరకును. మన గుడి గోడలలో ఇటుకలెన్నియో ఈ విధముగా లెక్కింపుఁడని నేను మా తరగతిలో అడిగితిని. ఇంకను వాదము తెగలేదు. మన దేశీయుల కుటుంబమున పుట్టిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖరుఁడు అచ్చట ఆయనకు సహాచార్యుఁడై, 1953 లో నక్షత్రవీధులలోని అయస్కాంతక్షేత్రములను గూర్చి ఆయనతో కలసి వ్రాసెను.

1954 శరత్కాలమున ఫెర్మీ కడుపులో పుట్టిన వ్రణము నయము కాని పుట్టకురుపని వైద్యులు కనుగొనిరి. పూర్వశిష్యుఁడగు సెగ్రే చూడవచ్చునప్పటికి, ఆయన పడకమీఁద పండుకొని, గొట్టము గుండ తన శరీరములోనికి చుక్కచుక్కగా దిగు ఆహారద్రవమును గడియారము చేతఁబట్టుకొని లెక్కించుచుండెను. నవంబరు 28 వ తేదీని, 53 వ యేఁట, ఆయన చనిపోయెను.

అంతకు రెండేండ్ల ముందు, 1952 నవంబరు 1 వ తేదీని, పసిఫిక్ సముద్రమందలి ఎనివెటాకు ద్వీపమున మొదటి హైడ్రోజను బాంబు ప్రేలెను. ఆ మేఘములోనుండి విమానములు పోయి, వడపోఁత కాగితములపై ధూళిని పట్టి తెచ్చెను. ఆ ధూళిని శోధింపఁగా అంతవఱకు ఎవరును చూడని మూలకములు రెండు కనఁబడెను. అందు నూఱవ మూలకమునకు 1955 లో ఫెర్మియము అని పేరిడిరి. ఆనాఁడు దొరకిన ఫెర్మియము సుమారు 20 గంటలలో సగము నశించును.